కర్షకుని పాదములు – సంఘముల కర్తవ్యము

వ్యవసాయమునకు పెట్టుబడి యేది యని యడిగినచో మన రైతులు భూమి, నీరు, విత్తనము, ఎరువు, పశువులు, యంత్రములు అని వరుసగా చెప్పుదురు. సంఘము లెక్కపుస్తకములలోను ఈ పద్దులే కానవచ్చును. విత్తనమునకు అప్పు కలదు. ఎరువునకు అప్పు కలదు. పాడిపశువునకు అప్పు కలదు. ఇవన్నియు దేనిమీద నిలిచియున్నవో ఆ రెండు కాళ్ళను గూర్చి మాత్రము ఏ పద్దులోను ఒక్క మాటయైనను లేదు. తొలకరి దున్నకము మొదలు కుప్పనూర్పు వఱకు రైతును కూలివాడును చేయు పనులలో పెక్కు వారి పాదములమీదనే జరుగుచున్నవి. అట్టి పాదములను వారు తాము చూచుకొనరు, ఇతరులు చూడరు. పాదము చెడినంతమాత్రమున నాట్లు ఆగవు, కలుపు ఆగదు. చెడినవాని కూలి యొక్కటే ఆగును. ఈ విషయమును సభ్యుల దృష్టికి తెచ్చుట యవసరమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రదర్శన క్షేత్రముల పనిమీద గ్రామములు తిరుగుచు నేను తఱచుగా గమనించు వింత యొకటి కలదు. ఎద్దు కుంటినచో రైతు ఆ పూటయే కాడి దించును. గిట్ట నెత్తి పట్టి, రాయి గ్రుచ్చుకొన్నదేమో, పుండు పడినదేమో చూచి, కడిగి మందు వేయును. బండి లాగు ఎడ్లకు గిట్టలు అరుగకుండ లాడములు కొట్టించును. గాలికుంటు వ్యాధి రాకుండ పశువులకు ఆరుమాసముల కొకసారి టీకా వేయు జాతీయ కార్యక్రమము 2019లో ప్రారంభమైనది. పశువైద్య సిబ్బంది ఊరికి వచ్చిన దినమున రైతులు తమ పశువులను తోలుకొని వచ్చి శ్రద్ధతో టీకా వేయించుట చూచి సంతోషింపనివా రుండరు. కాని ఆ పశువుల పగ్గములు పట్టుకొని నిలిచిన మనుష్యుల పాదములవంక ఒక్కసారి చూడుడు. మడమలు బీటలు వారియుండును. వేళ్ళసందులు నాని తెల్లబడియుండును. గోళ్ళు నల్లబడి మందమై యుండును. “అయ్యా, తాము ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకొంటిరి?” అని యడిగినచో తడవుకొనక బదులు చెప్పగలవారు అరుదు. ఎద్దునకు చూపు శ్రద్ధలో సగమైనను తనకు చూపుకొనుట స్వార్థము కాదు, వివేకము.

అరికాలి చర్మము దేహమందలి చర్మములలో కెల్ల మందమైనది. ఎండయందును, రాళ్ళయందును అది చాలవఱకు తట్టుకొనును. తట్టుకొనలేనిది ఎడతెగని తడి. దమ్ము చేసిన మడిలో ఉదయము మొదలు సాయంకాలము వఱకు నిలిచినచో చర్మము నాని, ఉబ్బి, మెత్తబడును. వేళ్ళసందులు ఒండొంటితో రాచుకొని పైపొర ఊడిపోవును. అంతట బూజుజాతి సూక్ష్మజీవులును, బురదలోని యితర క్రిములును అచట కాపురము పెట్టును. దురద, మంట, దుర్వాసన మొదలిడును; పిమ్మట సందులు చిట్లి పుండ్లగును. నాట్ల కాలమున ఒక దినము తడిసిన కాలు ఆరకమునుపే మఱునాడు మరల తడియుచుండుటచే మానుటకు వ్యవధియే దొరకదు. ఇది కేవలము అసౌకర్యమని త్రోసివేయరాదు. చర్మము ఇంటికి గోడవంటిది. గోడకు కన్నము పడినచో లోనికి వచ్చువారెవరో మన మెఱుగము.

లోనికి వచ్చువారిలో మొదటిది ధనుర్వాతము. దీని బీజములు మట్టియందును, పశువుల పేడయందును ఏండ్ల తరబడి చావక యుండును. గాలి సోకని సన్నని లోతైన గాయము, అనగా ముల్లుపోటు, మేకుపోటు, వానికి మిక్కిలి యనుకూలము. రెండవది కొంకిపురుగు. బహిర్భూమికి పోయిన చోట మలముతోపాటు నేలలో పడిన గ్రుడ్లు తేమనేలలో పిల్లలై, ఉత్తకాళ్ళతో నడచువారి చర్మమును తొలుచుకొని లోపలికి పోయి, తుదకు ప్రేగులకు పట్టి రక్తము త్రాగును. ఇది చర్మము గుండ ప్రవేశించునను సంగతిని 1898లో కైరో నగరమున లూస్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. మన గ్రామములలో పాలిపోయిన ముఖములతో, నాలుగడుగులకే ఆయాసపడువారిలో కొందఱి వ్యాధికి మూలము కడుపున గాక కాలికింద నున్నది. మూడవది ఎలుకజ్వరము. ఎలుకల మూత్రము కలిసిన మడినీటిలో పగిలిన కాళ్ళతో నిలిచినచో దీని క్రిమి సందులగుండ ప్రవేశించును. తీవ్రమైన జ్వరము, పిక్కలలో విపరీతమైన నొప్పి, కన్నుల యెఱుపు దీని గుర్తులు. ముదిరినచో కామెర్లు వచ్చి మూత్రపిండములు చెడును. నాట్లు, కోతలు జరుగు దినములలో ఇట్టి జ్వరము వచ్చినచో, తాను మడిలో పనిచేసిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను.

బోదకాలు దోమకాటువలన వచ్చునదే గాని పాదముల మురికివలన వచ్చునది కాదు. అయినను బోదకాలు గలవారికి మాటిమాటికి వచ్చు చలిజ్వరమునకు, కాలు ఎఱ్ఱబడి వాచుటకు, వేళ్ళసందుల పుండ్లే తఱచుగా ద్వారములు. దినదినము సబ్బుతో కాలు కడిగి, సందులు తుడిచి ఆరబెట్టుకొనువారికి ఈ జ్వరములు చాల తగ్గును. వాచిన కాలు పూర్వపు రూపునకు రాకపోవచ్చును. కాని ఆ కాలితో బ్రదుకు సుకరమగును.

ఇక చేయవలసిన దేమి? గోటితో పోవుదానికి గొడ్డలి యెందులకని పెద్దలందురు. పాదముల విషయమున ఈ సామెత యక్షరాల నిజము. మడిలో దిగుటకు ముందు పాదములకు, ముఖ్యముగా వేళ్ళసందులకు, నువ్వులనూనెగాని, ఆముదముగాని, వాసెలీనుగాని దట్టముగా పట్టింపవలెను. నూనె నీటిని పూర్తిగా ఆపలేకున్నను చర్మము నానుటను ఆలస్యము చేయును. మధ్యాహ్నపు అన్నమువేళ గట్టుమీద కూర్చుండి మంచినీటితో బురద కడిగి, పొడిగుడ్డతో ప్రతి సందును తుడిచి, అన్నము తినునంతసేపయినను పాదములను గాలికి ఆరనీయవలెను. సాయంకాలము ఇంటికి రాగానే సబ్బుతో కడిగి మరల తుడువవలెను. కడుగుటకంటె తుడుచుటయే ముఖ్యము. కడిగి తడితోనే చెప్పులు తొడుగుకొనువాడు సగము పనియే చేసినవాడు.

సందులు పాసి దురద పెట్టుచున్నచో బూజును చంపు క్లోట్రిమజోలు లేపనము మందులదుకాణములందు దొరకును. దురద తగ్గినంతనే మానివేయక, వైద్యుడు చెప్పినన్ని వారములు రాయవలెను. ఒక హెచ్చరిక చేయుచున్నాను. రెండు మూడు మందులను కలిపి చేసిన గొట్టపు లేపనములు కొన్ని దుకాణములలో అడుగగనే యిచ్చుచున్నారు. వీనిలో కొన్నింటియందు స్టెరాయిడు చేరియుండును. అవి రాచిన మూడవనాటికే దురద మాయమగును గాని, లోపల బూజు పెరిగి తామర ఒడలెల్ల ప్రాకును. తరువాత మంచిమందునకు కూడ లొంగదు. కావున వైద్యుడు వ్రాసి యీయక యిట్టివానిని కొనరాదు.

మడమల పగుళ్ళకు రాత్రివేళ గోరువెచ్చని నీటిలో కొంతసేపు పాదముల నుంచి, నురుగురాతితో మెల్లగా రుద్ది, తుడిచి, నూనెగాని వాసెలీనుగాని పట్టించి పాతగుడ్డ చుట్టుకొని పండుకొనవలెను. బ్లేడుతో చెక్కుట ప్రమాదము. ఆనెకాయలు ఒత్తిడివలన పుట్టునవి. ఒత్తిడి తొలగింపక ఎన్నిసార్లు కోసినను మరల వచ్చును. చెప్పు ఎచ్చట ఒత్తుచున్నదో చూచి దానిని సరిచేయుటయే మందు. గోళ్ళను అడ్డముగా తిన్నగా కత్తిరింపవలెనే కాని మూలలకు తొలువరాదు; తొలిచినచో గోరు కండలోనికి పెరిగి చీము పట్టును.

ముల్లు గ్రుచ్చుకొన్నపుడు మనవారు చేయు చికిత్సలు చూచినచో భయము కలుగును. పేడ పెట్టువారు, సున్నము పెట్టువారు, పొగాకు నమిలి కట్టువారు కలరు. పేడ పెట్టుట యనగా ధనుర్వాతమును చేతులార పిలుచుటయే. నిప్పుసెగ చూపి చల్లార్చిన సూదితో ముల్లు తీసి, సబ్బునీటితో బాగుగా కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టవలెను. ముల్లు లోపల విరిగినచో, లేక మఱునాటికి వాపు పెరిగినచో ఆసుపత్రికి పోవలెను. సర్కారుతుమ్మ ముల్లును చిన్నదిగా నెంచరాదు. అది పలుచని చెప్పుల అడుగును సైతము దూరును. ధనుర్వాతపు టీకాను పిల్లలకు పదవ యేటను, పదునాఱవ యేటను ఇచ్చుచున్నారు. పెద్దలు పదేండ్ల కొకసారి వేయించుకొనవలెను. మట్టి సోకిన గాయమైనపుడు గడచిన టీకా వేసి ఐదేండ్లు దాటియున్నచో మరల వేయించుకొనుట క్షేమము. గర్భిణులకు టీకాలు వేయుటవలనను, ఆసుపత్రి కాన్పులు పెరుగుటవలనను బాలింతలను, పసికందులను చంపు ధనుర్వాతము మన దేశమున అదుపులోనికి వచ్చినదని 2015లో ప్రపంచారోగ్య సంస్థ గుర్తించినది. తల్లికి దొరకిన ఈ రక్షణ పార పట్టు తండ్రికి దొరకకుండుటకు కారణము ఆతని యశ్రద్ధ తప్ప వేఱొండు లేదు.

మధుమేహము గలవారికి ఒక ప్రత్యేకమైన మాట. ఈ వ్యాధి ఏండ్ల తరబడి యున్నచో పాదములకు స్పర్శ తగ్గును. కుష్ఠువ్యాధిలోను అంతియే. నొప్పి మనకు శత్రువని తలంతుము. నిజమునకు అది కావలివాడు. నొప్పి లేని కాలు కావలి లేని చేను. ముల్లు దిగినది తెలియదు, నిప్పు సోకినది తెలియదు; చీము పట్టి వాసన వచ్చువఱకు తెలియదు. ఇట్టివారు ప్రతిరాత్రి అద్దము నేలమీద పెట్టి అరికాళ్ళను చూచుకొనవలెను, లేదా ఇంటివారిచేత చూపించుకొనవలెను. ఉత్తకాళ్ళతో నడువరాదు. చెప్పు తొడుగుటకు ముందు లోపల చేయి పెట్టి తడిమి చూడవలెను. వేడినీళ్ళలో కాలు పెట్టరాదు. కుష్ఠువ్యాధికి పూర్తిగా నయముచేయు మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా దొరకుచున్నవి. స్పర్శ తగ్గిన పాదములకు మెత్తని రబ్బరు అడుగుగల జోళ్ళును కలవు. స్పర్శ లేని మచ్చను దాచుకొనుటవలన కాలు పోవును గాని పరువు నిలువదు.

ఇంతవఱకు చెప్పినది ఎవరికి వారు చేసికొనదగిన పని. ఇక వాదమునకు తావిచ్చు సంగతికి వచ్చెదను. పొలము పనికి పాదరక్షలు కావలెనని నా యభిప్రాయము. దీనికి మూడు ఆక్షేపణలు వినుచున్నాను.

మొదటిది, బురదలో బూట్లు దిగబడునని. ఇది కొంతవఱకు నిజమే. దమ్ము చేసిన మడిలో వదులైన గంబూట్లు పనికిరావు. కాని రైతు దినమంతయు మడిలోనే యుండడు. గట్లమీద, మెట్టచేలలో, కళ్ళములో, పశువులకొట్టములో ముళ్ళు, మేకులు, పేడ ఉన్నవి. అచట చెప్పులకు అడ్డమేమి? పురుగుమందు చల్లునపుడు పాదములు కప్పు బూట్లు తప్పనిసరి. పగిలిన చర్మము గుండ మందు ఒంటికి పట్టును. రాత్రి నీరు కట్టబోవునపుడు చీకటిలో రక్తపింజరయో, నాగుపామో, కట్లపామో పాదమునకో పిక్కకో కాటు వేయును. పిక్క వఱకు వచ్చు బూట్లును, చేతిలో టార్చి దీపమును ఎన్నో ప్రాణములు కాపాడును. కాటు పడినచో కోయుట, పీల్చుట, త్రాడు బిగించి కట్టుట మాని, కాలు కదలనీయక వెంటనే విషమునకు విరుగుడు మందుగల ఆసుపత్రికి చేర్పవలెను. ఇక మడిపని మాటకు వచ్చినచో, జపానులో గడ్డిచెప్పులతో పనిచేయు శ్రామికుల కొఱకు బొటనవ్రేలు విడిగా నుండు రబ్బరు అడుగు జోడును 1923లో అమ్మకమునకు తెచ్చిరి. కాలికి బిగువుగా నుండు ఆ జోడు శ్రామికులలో విరివిగా వ్యాపించినది. పనికి తగిన జోడు లేకున్నచో చేయించుకొనవలెనే కాని పాదమునే బలియీయరాదు.

రెండవ ఆక్షేపణ ఖర్చు. పుండు పడి నాట్ల కాలమున వారము దినములు ఇంట కూర్చున్నవాని కూలినష్టమును లెక్కించినచో ఒక జత జోళ్ళ వెల ఎక్కువయో తక్కువయో ఎవరికి వారే తేల్చుకొనవచ్చును.

మూడవది ఆచారము. భూమి తల్లి గనుక చేలో చెప్పులతో నడువరాదని కొందఱందురు. ఆ భక్తిని నేను గౌరవింతును. కాని బిడ్డ కాలికి పుండు పడవలెనని కోరు తల్లి యుండదు. ఇంతకంటె చేదైన ఆచార మొకటి మన గ్రామములలో చిరకాలము నడచినది. చెప్పులు కుట్టువారికే చెప్పులు తొడిగి వీధిలో నడచు హక్కు లేకుండెను. పెద్దల యెదుట, వారి యిండ్లముందు జోళ్ళు చేతబట్టుకొని పోవలసి యుండెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దు చేసినది. 1955లోను, 1989లోను ఇట్టి యవమానములను శిక్షార్హములుగా చేసి చట్టములు వచ్చినవి. చట్టము మాఱినంత వేగముగా మనస్సు మాఱలేదు. కామందు గట్టుమీద నుండగా కూలివాడు చెప్పులు విడిచి నిలుచుట నేటికిని కొన్నియెడల చూచుచున్నాము. అది మర్యాద యని పొంగిపోవువారు, ఆ విడిచిన పాదమున దిగు ముల్లును గూర్చి కూడ ఆలోచింపవలెను.

నాట్లు వేయు స్త్రీలను గూర్చి చెప్పక యీ వ్యాసము ముగింపరాదు. మడిలో నడుము వంచి దినమంతయు నిలుచువారు వారు. సంఘములో వాటాలు గలవారిలో వారు మిక్కిలి తక్కువ. భూమి లేదు గనుక సభ్యత్వము లేదు, సభ్యత్వము లేదు గనుక సభలో నోరు లేదు. ఎద్దుపుండు కాకికి నొప్పియా యన్నట్లు వారి పాదముల బాధ మనకు వినబడదు. ఎకరముల లెక్కన కూలి మాట్లాడుకొన్నచో వారు మధ్యాహ్నము గట్టెక్కి కాళ్ళు ఆరబెట్టుకొనుటకు వెనుదీయుదురు. ఆగిన గంట తమకే నష్టము గదా. ఆ గంట విరామమును కూలియొప్పందములోనే చేర్చి, దానికి తగినట్లు రేటు కట్టుట భూమిగలవారి విధి యని నేను నిస్సంకోచముగా చెప్పెదను. ఆ పంట వారి పాదములమీద నిలిచినది.

సంఘములు చేయదగిన పనులు ఐదు తోచుచున్నవి. ఒకటి, ఎరువుల గిడ్డంగిలో ఒక మూల పొలముజోళ్ళు, గంబూట్లు, సబ్బు, వాసెలీను నిలువచేసి, టోకుగా కొన్న ధరకు దగ్గఱగా సభ్యులకును, కూలివారికిని అమ్మవలెను. రెండు, సహకార సంఘములు జనౌషధి కేంద్రములు తెఱచుటకు 2023లో కేంద్రప్రభుత్వము అవకాశ మిచ్చినది. అర్హత గల సంఘములు దీనిని వాడుకొనవలెను. మూడు, పశువులకు గాలికుంటు టీకాలు వేయు దినముననే ఆరోగ్యకేంద్రము వారిని పిలిపించి మనుష్యులకు ధనుర్వాతపు టీకాలు వేయింపవలెను. పగ్గము పట్టుకొని వచ్చినవాడు తానును వేయించుకొని పోవును. నాలుగు, డ్రమ్ సీడరు వంటి విత్తు పరికరములను సంఘము కొని అద్దెకిచ్చినచో మడిలో నిలుచు దినములు తగ్గును. నాట్ల ఖర్చును తగ్గును. అయితే ఆ మేర కూలి కోల్పోవు స్త్రీలకు ఆ పరికరము నడుపు పనిలో భాగమీయవలెను. లేనిచో పాదము రక్షించి కడుపు మాడ్చినట్లగును. ఐదు, పైన చెప్పిన విరామమును గూర్చి గ్రామమంతటికి ఒకే కట్టుబాటు చేయవలెను.

ఇవి ఆసుపత్రి వారి పనులు గాని సంఘము పనులు కావని యందురేమో. మన దేశమున మొదటి సహకార చట్టము 1904లో వచ్చినపుడు సంఘము పని అప్పిచ్చుటయే యనుకొనిరి. తరువాత ఎరువులు వచ్చినవి, విత్తనములు వచ్చినవి, గిడ్డంగులు వచ్చినవి. అవసరము వచ్చినకొలది పని పెరిగినది. మఱియు నారికురుపును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కాలినుండి మూరెడు పొడవు పురుగు వెడలు ఆ వ్యాధి మన యాంధ్రదేశమునను ఉండెడిది. దానికి టీకా లేదు, చంపు మందు లేదు. వడగట్టిన నీరు త్రాగుట, పుండుకాలితో దిగుడుబావిలో దిగకుండుట, మెట్లబావులను మార్చుట, ఈ చిన్నపనులను ఊరూర కలిసి చేసిరి. 1996లో మన దేశమున చివరి రోగి కనబడెను. 2000 సంవత్సరమున ఆ వ్యాధి మన దేశమునుండి తొలగినదని ప్రపంచారోగ్య సంస్థ ధ్రువపఱచెను. ఒక్కరు వడగట్టినచో పోయెడిది కాదు; ఊరంతయు వడగట్టినందున పోయినది. కలిసి చేయు చిన్నపనికి గల బలము ఇట్టిది. సహకారమన నింతకంటె వేఱేమున్నది?

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ యైదు విషయములను చర్చనీయాంశములలో చేర్పించుటకు ప్రతి సంఘమునుండి ఒక్క సభ్యుడైనను ముందునకు రావలెనని కోరుచున్నాను. తీర్మానము వ్రాయునపుడు అధ్యక్షులవారును, కార్యదర్శిగారును ఒక్క క్షణము బల్లక్రింద తమ పాదములను చూచుకొని, పిమ్మట కలము పట్టుదురుగాక.